ట్రైనింగ్ సెలవుల్లో క్రిస్మస్: ఏది చేతితో చేయాలి, ఏది కొనాలి, ఏది వదిలేయాలి

నర్సింగ్ హాస్టల్లో ఉన్నవాళ్ళకీ, ఐటీఐ అప్రెంటిస్‌లకీ, కానిస్టేబుల్ శిక్షణలో ఉన్నవాళ్ళకీ డిసెంబర్ చివర్లో దొరికే సెలవు చిన్నది, చేతిలో ఉండే స్టైపెండ్ అంతకంటే చిన్నది. ఇంటికెళ్ళి నక్షత్రం కట్టాలి, కేకు చేయాలి, యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో పెట్టాలి, పిండివంటలు వండాలి, పిల్లలకి కొత్త బట్టలు కుట్టాలి అని బస్సులో కూర్చుని వేసుకున్న లెక్క 24 సాయంత్రానికి సగంలో ఆగిపోతుంది. డబ్బు చాలక ఆగేది తక్కువ. ఎక్కువసార్లు జిగురు ఆరదు, బియ్యం నానవు, మట్టిబొమ్మకు పగుళ్ళొస్తాయి. అందుకే ఈ పోలికలో ధర కంటే ముందు చూడాల్సినవి కొన్నున్నాయి.

ముందు ఇవి తేల్చుకోండి

మొదటిది, ఆగాల్సిన సమయం. ఒక పనికి మీ చేతులు ఎన్ని గంటలు పడతాయనేది ఒక లెక్క, అది ఆరడానికీ నానడానికీ పట్టే సమయం వేరే లెక్క. మట్టిబొమ్మలకు చేతిపని మూడు గంటలే, ఆరడానికి ఐదు రోజులు కావాలి. గవ్వలకు చేతిపని మూడు గంటలు, ఆగాల్సింది అరగంట. సెలవు చిన్నదైనప్పుడు ఈ రెండో లెక్కే నిర్ణయిస్తుంది.

రెండోది, ఇంట్లో చేతులు. అరిసెలకు పాకం చూసేవాళ్ళొకరు, ఒత్తేవాళ్ళొకరు, నూనె దగ్గర ఒకరు ఉండాలి. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉండి, ఆవిడకి మోకాళ్ళ నొప్పులుంటే ‘చేతితో చేద్దాం’ అన్న మీ సరదా మొత్తం ఆవిడ మీద పడుతుంది.

మూడోది, అసలు గడువు ఎప్పుడన్నది. చాలామంది 25 అనుకుంటారు. ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ వాళ్ళు మీ వీధికి 21నో 22నో వస్తే నక్షత్రం ఆ రాత్రికే వెలగాలి, వచ్చిన పదిహేను ఇరవై మందికి పెట్టడానికి ఏదో ఒకటి డబ్బాలో ఉండాలి. మీ చర్చి సంఘంలో ఎవరికైనా ఫోన్ చేసి మీ వీధి తారీఖు కనుక్కున్నాకే మిగతా లెక్క వేయండి.

నాలుగోది, ఇంటి పద్ధతి. కతోలిక ఇళ్ళలో పశువుల పాక ముఖ్యం. లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు ఇళ్ళలో నక్షత్రం, చెట్టు ముందుంటాయి. బ్రదరన్, పెంతెకోస్తు సంఘాల్లో కొన్ని అసలు అలంకరణలే వద్దంటాయి. కొత్తగా పెళ్ళయి అత్తగారింటికి వెళ్తున్నవాళ్ళు ఇది అడక్కుండా చెట్టు పట్టుకెళ్ళకండి.

ఖర్చు వీటి తర్వాతే. పైగా చేతితో చేసిందల్లా చవక కాదు. వెన్న, జీడిపప్పు, ఎండుఫలాలు, కొత్త టిన్ను కొని ఇంట్లో చేసిన మొదటి ప్లమ్ కేకు మామూలు బేకరీ కేకు కంటే ఎక్కువే అవుతుంది. నక్షత్రం, గవ్వలు, పాత చీర లంగా మాత్రం నిజంగానే డబ్బు మిగులుస్తాయి.

| పని | చేతిపని | ఆగాల్సిన సమయం | ఎంతమంది | వచ్చే ఏడాదికి |
|---|---|---|---|---|
| వెదురు నక్షత్రం | 4 గంటలు | ఒక రాత్రి | ఇద్దరు | చట్రం ఉంటుంది, కాగితం మార్చాలి |
| చార్ట్ పేపర్ మడత నక్షత్రం | అరగంట | లేదు | ఒకరు | ఉండదు |
| మట్టిబొమ్మల పాక | 3–4 గంటలు | 5 రోజులు | ఇద్దరు, పిల్లలు | జాగ్రత్తపడితే ఉంటుంది |
| అట్టబొమ్మల పాక | 2 గంటలు | లేదు | పిల్లలు చాలు | ఉంటుంది |
| ప్లమ్ కేకు, ఓవెన్ లేకుండా | 2 గంటలు | పండ్లు నానడానికి ఒక రాత్రి | ఒకరు | – |
| అరిసెలు, కిలో బియ్యం | 4 గంటలు | 24 గంటలు | ముగ్గురు | – |
| గవ్వలు, కిలో మైదా | 3 గంటలు | అరగంట | ఎంతమందైనా | – |
| గులాబీ పువ్వులు | 2 గంటలు | అరగంట | ఒకరు | అచ్చు ఉంటుంది |
| పాత చీరతో లంగా | మిషన్ మీద 4 గంటలు | లేదు | ఒకరు | ఉంటుంది |

నక్షత్రం

ఒక్కటే చేతితో చేయగలిగితే ఇదే చేయండి. వీధిలోంచి కనబడేది ఇదొక్కటే, చట్రం ఏళ్ళ తరబడి ఉంటుంది, ఇంట్లో మగపిల్లలూ ఆడపిల్లలూ అందరికీ ఇందులో పని దొరుకుతుంది. మొరేవియన్ అనే క్రైస్తవ శాఖవాళ్ళ పాతిక కోణాల నక్షత్రం కూడా 1830లలో జర్మనీలోని నీస్కీ అనే ఊళ్ళో ఒక బడిలో రేఖాగణితం పాఠంగానే మొదలైంది. మన వెదురు నక్షత్రంలోనూ ఒక చిన్న లెక్క ఉంది. అది తెలియకే చాలా నక్షత్రాలు ఒక పక్కకి వంకరపోతాయి.

కావలసినవి: 90 సెం.మీ. పొడవు, సెంటీమీటరు వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న వెదురు బద్దలు పది. 18 సెం.మీ. ముక్కలు ఐదు. నూలు దారం. గాలిపటాల కాగితం 50 × 75 సెం.మీ. షీట్లు ఐదు (నాలుగు సరిపోతాయి, ఒకటి చిరగడానికి). బద్దలు మేదరవాళ్ళ దగ్గర చీల్చి ఇస్తారు. బుట్టలకి వాడే పలచటి పేళ్ళు కాకుండా కొంచెం మందంవి అడగండి. కణుపు దగ్గర బద్ద వంగదు, అక్కడే విరుగుతుంది, కాబట్టి కణుపుల్ని చాకుతో చెక్కి మిగతా బద్దతో సమం చేయాలి. ఎండిన బద్దలైతే ముందురోజు రాత్రి నీళ్ళలో వేయండి.

ఇక లెక్క. ప్రతి బద్ద మీద ఒక చివరి నుంచి 34.5 సెం.మీ. దగ్గర ఒక గీత, 55.5 సెం.మీ. దగ్గర ఇంకో గీత పెట్టండి. ఐదు బద్దల్ని ఐదుకొమ్మల నక్షత్రంగా పేర్చి, ఒక బద్ద గీత ఇంకో బద్ద గీత మీద పడేలా జరపండి. ఐదు చోట్లా గీతలు కలిస్తే నక్షత్రం సమంగా వచ్చినట్టే, కోణమానిని అక్కర్లేదు. మొదట లోపలి ఐదు కూడళ్ళు కట్టి, తర్వాత కొసలు కట్టండి. కొసలు ముందు కడితే లోపలి కూడళ్ళు జరగవు. వేరే సైజు కావాలంటే బద్ద పొడవును 0.382తో గుణిస్తే మొదటి గీత వస్తుంది. రెండో గీత అటు చివరి నుంచి అంతే దూరం.

ఇలాంటివి రెండు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ కలిపి కట్టండి. లోపలి కూడళ్ళ మధ్య 18 సెం.మీ. ముక్కలు నిలబెడితే మధ్యలో ఉబ్బి గూడులా వస్తుంది. ఐదు ముక్కలూ ముందు వదులుగా పెట్టి, తర్వాత వరసగా బిగించాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే ఎదురుగా ఉన్న కొమ్మ మెలితిరుగుతుంది. ముక్క పొడవు 20 దాటితే బద్దలు విరిగే ప్రమాదం ఉంది.

జిగురుకు మూడు చెంచాల మైదాను చల్లటి గ్లాసుడు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాత పొయ్యి మీద పెట్టి అద్దంలా మెరిసేదాకా కలపాలి. వేడినీళ్ళలో మైదా పోస్తే ఉండలు కడుతుంది. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. పిల్లలు చేతులు పెట్టే ఇంట్లో అది వద్దు.

చట్రానికి కాగితం అంటించేటప్పుడు వెనకవైపు మధ్య అయిదుమూలల గడిని మాత్రం మూడు వైపులే అంటించి, బల్బు పెట్టడానికి తలుపులా వదలండి. బల్బు 5 వాట్ల ఎల్ఈడీ చాలు. లోపల ఖాళీ 18 సెం.మీ.లే కాబట్టి బల్బుకూ కాగితానికీ మధ్య ఆరు సెంటీమీటర్లకు మించి ఉండదు. పాతరకం ఫిలమెంట్ బల్బు వేడికి కాగితం మాడే ప్రమాదం ఉంది. హోల్డర్‌ని ఒక నిలువు ముక్కకి కట్టేయండి, గాలికి ఊగి కాగితాన్ని తాకకూడదు.

డెల్టా జిల్లాల్లో డిసెంబర్ మంచుకి తెల్లారేసరికి గాలిపటం కాగితం తడిసి జారుతుంది, రంగు కారుతుంది. వరండా చూరు కింద వేలాడదీస్తే చాలు. మేడ మీద వెదురు గడకు కట్టాలని పట్టుబడితే జిలేటిన్ కాగితం వాడండి, కానీ దానికి మైదా జిగురు పట్టదు, పారదర్శక టేపు కావాలి.

కొనే నక్షత్రం ఎవరికి? 24 మధ్యాహ్నం ఇల్లు చేరేవాళ్ళకి. ఆ రోజు జిగురు పెడితే రాత్రి ఆరాధనకి వెళ్ళే వేళకి తడిగానే ఉంటుంది, వేలాడదీస్తే జారుతుంది. మడత పెట్టగలిగే కాగితపు నక్షత్రం కొనుక్కోండి, లేదా చార్ట్ పేపర్ మడత నక్షత్రాలు మూడు చేసి కిటికీకి కట్టండి. హాస్టల్లో తీరిక ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. పది బద్దలకూ అక్కడే గీతలు పెట్టి, కట్టగా కట్టి తెచ్చుకోండి. 90 సెం.మీ. కట్ట బస్సు పైఅరలో పడుతుంది. కట్టేసిన చట్రం మాత్రం క్రిస్మస్ రద్దీలో ఇంటిదాకా రాదు.

తీపి, కారం: ఇంట్లోకి ఏది, పంచడానికి ఏది

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. కేకునూ పిండివంటనూ ఒకే పనికి పోల్చుకుంటారు. ఏడంగుళాల టిన్నులో వచ్చే కేకు ముప్పావు కిలో ఉంటుంది, పదిహేను ముక్కలు. అది ఇంట్లోవాళ్ళకీ, అదే రోజు వచ్చే దగ్గరి చుట్టాలకీ. చుట్టుపక్కల పదిహేను ఇళ్ళకి పళ్ళెం పంపాలంటే గవ్వలో, జంతికలో, అరిసెలో కావాలి. కిలో మైదాకి, 700 గ్రా. బెల్లానికి దాదాపు కిలో ముప్పావు గవ్వలు వస్తాయి. ఇంటికి వంద గ్రాములు పెట్టినా పదిహేను పళ్ళేలు దాటుతుంది.

*గవ్వలు.* చిన్న సెలవుకి నా ఓటు వీటికే. కిలో మైదాలో చిటికెడు ఉప్పు, నాలుగు చెంచాల వేడి నెయ్యి వేసి పిండి అంతా పట్టేలా రుద్ది, నీళ్ళతో గట్టిగా కలిపి అరగంట మూత పెట్టండి. గోలీ అంత ఉండల్ని గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి దొర్లించాలి. చెక్క లేకపోతే కొత్త దువ్వెన, ఫోర్కు వెనకభాగం పనికొస్తాయి. ఐదేళ్ళ పిల్ల నుంచి నాన్నమ్మ దాకా చాప మీద కూర్చుని చేయగలిగే పని ఇదే. నూనె మరీ కాగితే పైన రంగు వచ్చి లోపల పచ్చిగా ఉంటాయి, మధ్యస్థం మంట మీద ఓపిగ్గా వేయించాలి. బెల్లంలో గ్లాసుడు నీళ్ళు పోసి ఉండపాకం రాగానే దించి గవ్వలు కలపండి. పాకం లేతగా దించితే మర్నాటికి డబ్బాలో అన్నీ ఒకే ముద్ద అవుతాయి.

*అరిసెలు.* నాలుగు రోజులు, ముగ్గురు మనుషులు ఉంటేనే. కిలో బియ్యం (దొడ్డు బియ్యం మేలు) ఒక పగలూ రాత్రీ నానాలి, రెండు మూడుసార్లు నీళ్ళు మార్చకపోతే పులిసిన వాసన వస్తుంది. వడకట్టి, గుడ్డ మీద ఇరవై నిమిషాలు నీడలో ఆరనిచ్చి, తడి ఉండగానే మర పట్టించాలి. పిండిని నొక్కి, మూత పెట్టి ఉంచండి, ఆరిందంటే అరిసె పగులుతుంది. బెల్లం ముప్పావు కిలో. పాకం చుక్కను నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండగా చేతికి రావాలి. పాకం లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయవుతుంది. లేతపాకాన్ని కాపాడేది అదనపు పిండి ఒక్కటే, కాబట్టి కిలోకి మరో పావుకిలో బియ్యం ఎక్కువే నానబెట్టండి. మిగిలితే దోసెల్లో పోతుంది. 23, 24 తేదీల్లో పిండిమర దగ్గర వరస ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి. మీ ఇంట్లో సంక్రాంతికీ అరిసెలు వండే అలవాటుంటే ఇప్పుడు వదిలేయండి. మూడు వారాల్లో ఎలాగూ వస్తాయి.

*జంతికలు.* నాలుగు గ్లాసుల బియ్యప్పిండికి గ్లాసు పుట్నాలపప్పు పిండి, వాము, ఉప్పు, కారం, రెండు గరిటెల వేడి నూనె. పిండి జల్లించకుండా కలిపితే గొట్టంలో నూక అడ్డుపడుతుంది, గాలి చిక్కిన చుట్టు నూనెలో పేలుతుంది. పిల్లల్ని ఈ పొయ్యి దగ్గరికి రానివ్వకండి.

*గులాబీ పువ్వులు.* అచ్చు ఉన్న ఇంటికి ఇది తేలిక. కప్పు మైదా, కప్పు బియ్యప్పిండి, ముప్పావు కప్పు చక్కెర, ఒక గుడ్డు, కొబ్బరిపాలు పోసి దోసెల పిండిలా కలిపి అరగంట ఉంచాలి. అచ్చును కాగే నూనెలో బాగా వేడిచేసి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. అచ్చు పైఅంచు మునిగితే పువ్వు ఊడదు. కొత్త అచ్చుకు పిండి అంటుకుంటుంది, ముందురోజు రాత్రంతా నూనెలో ఉంచితే మొదటి నాలుగైదు పాడైనా తర్వాత దారికొస్తుంది.

*ప్లమ్ కేకు.* ఓవెన్ లేదని ఆగనక్కర్లేదు, కానీ రోజూ వాడే మంచి కుక్కర్‌ని ఉత్తినే కాల్చి పాడుచేయకండి. మందపాటి పాత గిన్నె, బరువైన మూత చాలు. అడుగున రెండు కప్పుల ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడిచేయాలి. కుక్కరే వాడితే గాస్కెట్టు, విజిల్ రెండూ తీసేయాలి.

150 గ్రా. ఎండుద్రాక్ష, ఖర్జూరం, టూటీఫ్రూటీ ముక్కల్ని ముందురోజు రాత్రి ద్రాక్షరసంలోనో నారింజరసంలోనో నానబెట్టండి. 50 గ్రా. చక్కెరను రెండు చెంచాల నీళ్ళతో ముదురు గోధుమరంగు వచ్చేదాకా మరిగించి, దూరంగా నిలబడి పావు కప్పు వేడినీళ్ళు పోయాలి. చల్లనీళ్ళు పోస్తే పాకం ముఖం మీదికి చిమ్ముతుంది. ఇది చల్లారాక, 100 గ్రా. వెన్న, 100 గ్రా. చక్కెర పొడి గిలకొట్టి, మూడు గుడ్లు ఒకదాని తర్వాత ఒకటి వేసి, 150 గ్రా. మైదా, చెంచా బేకింగ్ పౌడర్, దాల్చినచెక్క, లవంగం పొడి కలిపి, కాల్చిన పాకం పోయండి. నానిన పండ్లను వడకట్టి చెంచా మైదాలో దొర్లించాకే వేయాలి, లేకపోతే అన్నీ అడుగుకి చేరతాయి. టిన్ను అడుగున రెండు పొరల కాగితం. సన్నమంట మీద 50 నిమిషాలు. అరగంట కాకముందే మూత తీస్తే మధ్యలో కుంగుతుంది. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. రమ్ములాంటి మద్యం కలపని కేకు నాలుగు రోజులకు మించి బయట ఉంచకండి.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఇంకో దారి ఉంది. కొన్ని పాత బేకరీలు సామాన్లు మీరు ఇస్తే కలిపి కాల్చి ఇస్తాయి, డిసెంబర్ మొదట్లోనే వరస మొదలవుతుంది. రెండు మూడు కుటుంబాలు కలిసి నాలుగైదు కిలోలు చేయించుకుంటే ఇది గ్యాసు ఖర్చుతో పోల్చినా లాభమే.

పశువుల పాక

బజార్లో దొరికే ప్లాస్టర్ బొమ్మల సెట్టు, ఇంట్లో మట్టిబొమ్మలు, అట్టబొమ్మలు: ఈ మూడింట్లో అందంగా ఉండేది మట్టే, కాని అది వారం సెలవున్నవాళ్ళది. బంకమన్నులో రాళ్ళు ఏరి, పిసికి, జానెడు బొమ్మలు చేస్తే లావు రెండు సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే పైన ఆరి లోపల తడి ఉండి పగులుతుంది. లావు బొమ్మైతే కింద నుంచి చెంచాతో తొలిచి బోలు చేయాలి. ఎండలో పెడితే రెండు గంటల్లో బీటలిస్తుంది, నీడలోనే ఐదు రోజులు. ఆరాక సుద్ద పూత, ఆపైన పోస్టర్ రంగులు.

అట్టబొమ్మలకు అట్టపెట్టె, పాత గ్రీటింగ్ కార్డులు, వెనక ఆసరాగా మూడుమూలల ముక్క. రెండు గంటల పని, పిల్లలే చేస్తారు. ప్లాస్టర్ సెట్టు కొనడం ఒకసారి పెట్టే ఖర్చు, కానీ ఏటా ఒక గొర్రె తలో, శిశువుని చూడవచ్చిన జ్ఞానుల్లో ఒకరి చెయ్యో విరుగుతుంది.

బొమ్మలు కుదరకపోయినా ఫర్వాలేదు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో పునీత అస్సీసీ ఫ్రాన్సిస్ పెట్టించిన పాకలో ఉన్నవి తొట్టి, గడ్డి, ఎద్దు, గాడిద. డిసెంబర్‌లో కోతలైన పల్లెలో వరిగడ్డికి కొదవుండదు. చిన్న తొట్టి, గడ్డి, గుడ్డతో చుట్టిన శిశువు ఉంటే పాక పూర్తయినట్టే. కతోలిక ఇళ్ళలో శిశువుని 24 అర్ధరాత్రి దాకా తొట్టిలో పెట్టరు కాబట్టి ఆ ఒక్క బొమ్మకి ఇంకొక రోజు గడువు దొరుకుతుంది.

పచ్చిక మాత్రం మీరు వచ్చి చేసేది కాదు. ఆవాలో మెంతులో రాత్రి నానబెట్టి, పళ్ళెంలో రెండు సెం.మీ. మట్టి మీద ఒత్తుగా చల్లి, రెండు రోజులు తడిగుడ్డ కప్పి, తర్వాత వెలుతురులో పెడితే వారానికి వేలెత్తు మొలక వస్తుంది. 16, 17 తేదీల్లో ఇంటికి ఫోన్ చేసి చెల్లికో తమ్ముడికో అప్పగించండి. ఎక్కువ నీళ్ళు పోస్తే కుళ్ళుతుంది, చిలకరిస్తే చాలు.

చెట్టు

కోస్తాలో సరుగుడు కొమ్మ ఉండగా ప్లాస్టిక్ చెట్టు కొనడం దండగ. 22కు ముందు తేవద్దు, నాలుగైదు రోజుల్లో ఆకు రాలుతుంది. బకెట్లో తడి ఇసుక, రెండు సగం ఇటుకలు అడుగున. తెలంగాణలో సరుగుడు దొరకని చోట ఎండుకొమ్మకు సున్నం వేసి వాడండి, ఆకు రాలే బాధే లేదు. దూదిని మంచులా పరచడం, దాని మీద దీపాల తీగ వేయడం రెండూ కలిపి చేయకండి.

బట్టలు, కానుకలు

క్రైస్తవ కుటుంబాలు ఎక్కువున్న ఊళ్ళలో దర్జీలు డిసెంబర్ మధ్యకల్లా కొత్త గుడ్డ తీసుకోవడం ఆపేస్తారు. సెలవుకి వచ్చాక గుడ్డ కొంటే 25కి కుట్టించుకోలేరు. కాబట్టి ఎంపిక రెడీమేడుకూ పాత చీరకూ మధ్యే.

అయిదున్నర మీటర్ల చీరలో ఆరేడేళ్ళ పిల్లలకి రెండు లంగాలు వస్తాయి. అంచునే లంగా కింది అంచుగా ఉంచి, అంచు నుంచి పైకి 75 సెం.మీ. కొలిచి పొడవునా కత్తిరించండి. ఒక్కో లంగాకి రెండున్నర మీటర్ల ఘేరు (కింది చుట్టుకొలత). పైన మిగిలే 40 సెం.మీ. పట్టీలో జాకెట్లు అవుతాయి. పట్టుచీరైతే ముందు వెలుతురుకి ఎత్తి మడతలు చూడండి, ఏళ్ళ తరబడి ఒకే మడత మీదున్న పట్టు అక్కడే చీలుతుంది. లోపల నూలు గుడ్డ వేయకపోతే పిల్ల కూర్చున్న మొదటిసారే పోతుంది. మిషన్ లేని ఇంట్లో చేతికుట్టు రెండు రోజులు తినేస్తుంది. అప్పుడు రెడీమేడే మంచిది.

కానుకలకి చీట్లు వేసుకోండి. ఎనిమిది మందున్న ఇంట్లో అందరూ అందరికీ ఇస్తే 56 వస్తువులు, చీటీ పద్ధతిలో ఎనిమిది. చీట్లు డిసెంబర్ మొదట్లోనే ఫోన్లో వేసేస్తే ఎవరి వస్తువు వాళ్ళు తీరిగ్గా చేసుకుంటారు. హాస్టల్ రాత్రులకు సరిపోయే పని క్రోషియా. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారానే వచ్చింది, ఇప్పటికీ ఆ ప్రాంతం ఆడవాళ్ళకి సూది పట్టడం నేర్పేవాళ్ళు ఇంటింటా దొరుకుతారు. చిన్న నక్షత్రాలు, పూలు అల్లి చిక్కటి గంజిలో ముంచి, ప్లాస్టిక్ కాగితం పరిచిన అట్ట మీద గుండుసూదులతో సాగదీసి ఒక రాత్రి ఆరనిస్తే బిరుసెక్కుతాయి. చక్కెర నీళ్ళలో ముంచితే ఇంకా బిరుసొస్తాయి గానీ మర్నాడు చీమలు కూడా వస్తాయి. పాత చీరల బొంత మంచి కానుకే, కానీ అది సెలవుల్లో అయ్యే పని కాదు, అక్టోబర్‌లో మొదలుపెట్టాల్సింది.

మీ సెలవును బట్టి

| సెలవు | చేతితో | కొనాలి | వదిలేయండి |
|---|---|---|---|
| 24 మధ్యాహ్నం వచ్చి 26న తిరుగు | గవ్వలు, అట్టబొమ్మల పాక | నక్షత్రం, చిన్న కేకు, పిల్లల బట్టలు | అరిసెలు, మట్టి, చెట్టు |
| 3–4 రోజులు | వెదురు నక్షత్రం, గవ్వలు లేదా గులాబీ పువ్వులు, కేకు | బట్టలు | మట్టిబొమ్మలు, అరిసెలు (ఇంట్లో ముగ్గురు లేకపోతే) |
| వారం, అంతకంటే ఎక్కువ | నక్షత్రం, మట్టిబొమ్మలు, అరిసెలు, చీర లంగాలు | దాదాపు ఏమీ అక్కర్లేదు | బేకరీ కేకు |

మొదటి వరసలో ఉన్నవాళ్ళకి ఒక మాట. ఆస్పత్రి డ్యూటీల నుంచి వచ్చేవాళ్ళు సగం నిద్రలోనే ఇల్లు చేరతారు, ఆ రాత్రి ఆరాధన ఎలాగూ ఉంటుంది. 24 సాయంత్రం గవ్వలతో ఆపేయండి, పాకను మేనల్లుళ్ళకు అప్పగించండి. కాగే నూనె ముందు కునుకు మంచిది కాదు. తెలంగాణలో 26 కూడా ప్రభుత్వ సెలవు కాబట్టి అక్కడివాళ్ళు పళ్ళేలు పంచే పనిని ఆ రోజుకి జరుపుకోవచ్చు. ఆంధ్రలో ఉద్యోగాలకి వెళ్ళే ఇరుగుపొరుగు 25నే ఇంట్లో దొరుకుతారు.

ఇంట్లో చేతులు తక్కువుండి సెలవు ఎక్కువున్నవాళ్ళు మూడో వరసను చూసి ఆశపడకండి, అరిసెలు తీసేసి జంతికలు పెట్టుకోండి. డబ్బు మరీ ఇబ్బందిగా ఉంటే తీసేయాల్సిన మొదటి వస్తువు కేకు, రెండోది దీపాల తీగ. నక్షత్రంలోని ఒక్క బల్బు చాలు.

తిరిగి వెళ్ళేటప్పుడు నక్షత్రం కాగితం చింపేసి, ఐదు నిలువు ముక్కలూ తీసి దారంతో కట్టి చట్రానికే వేలాడదీయండి. బద్దల బిగువు తగ్గి వచ్చే ఏడాదికి వంకరపోకుండా ఉంటాయి. హాస్టల్ డబ్బాలోకి కేకు వద్దు, బస్సు కుదుపులకి పొడి అవుతుంది, రూమ్మేట్లకి చేరేసరికి నాలుగు రోజుల గడువూ దాటుతుంది. జంతికలు స్టీలు డబ్బాలో గట్టిగా సర్ది, ఖాళీల్లో గవ్వలు పోస్తే రెండూ విరగవు. అరిసెలుంటే నూనె ఒత్తాక ఒక రోజంతా ఆరనిచ్చి, మధ్యమధ్య కాగితం వేసి పేర్చండి, వేడి మీద మూత పెట్టినవి వారంలోపే బూజు పడతాయి.